ఆశా కార్యకర్త, ముప్పై ఆరేళ్లు, ఇంటర్

బాన్సువాడ పక్క తండా,
20 జూన్ 2024

హైదరాబాద్‌లో పెద్ద ఉద్యోగం చేస్తున్న ఆడబిడ్డ గీతకు వదిన జమున రాస్తున్నది,

ఇక్కడ అందరం క్షేమం. ఉత్తరం మొదట్లో మాటవరసకు రాసే క్షేమం కాదు ఇది. నిన్న ఇంటింటికీ తిరిగి యాప్‌లో ఎక్కించాను, సర్వర్ కూడా ఒప్పుకుంది.

ఫోన్ ఉండగా ఉత్తరాలేమిటని మీ అన్న నవ్వుతున్నాడు. ఆశా కార్యకర్తకు ఫోన్ ఇచ్చింది మాట్లాడుకోవడానికి కాదని పదేళ్లుగా చూస్తున్నా ఆయనకు అర్థం కాలేదు. చేతిలోకి తీసుకున్నానంటే ఎవరో గర్భిణి బరువో, ఎవరో బిడ్డ టీకానో అడుగుతుంది. కాగితం ఇంకా నన్ను ఓటీపీ అడగలేదు. కాబట్టి నీతో కాగితం మీదే మాట్లాడతాను.

నువ్వు పంపిన నలభై ఫారాలూ నింపాను. ఒక్కో ఫారంలో నూట పన్నెండు ప్రశ్నలు పెట్టిన మీ సంస్థవాళ్లకు నా నమస్కారాలు. మన తండా మోతీబాయికి ఇప్పుడు ఐదో నెల. చివరి ప్రశ్నకు వచ్చేసరికి ఆరో నెల పడుతుందేమోనని భయపడ్డాను. ఇంట్లో మరుగుదొడ్డి ఉందా, రేడియో ఉందా, పశువులు ఎన్ని, అన్నీ అడిగాను. నలభై ఏడో ప్రశ్న దగ్గర మాత్రం ఆగిపోయాను. ఐదో నెల స్కానింగుకు ఎందుకు వెళ్లలేదు? అవగాహన లేదు, ఆసక్తి లేదు, ఇంట్లో ఒప్పుకోలేదు, ఇతరములు. నాలుగిట్లో ఒకటి గీయాలి.

మోతీబాయికి చదివి వినిపించాను. "ఎర్కనే గదా అక్క. ఆసక్తి సుత ఉన్నది. మా అత్తనే పో పో అంటుంది. బస్సే ఒప్పుకుంటలేదు," అన్నది. బస్సుకు గడి లేదు కాబట్టి ‘ఇతరములు’ గీసి ఫారం వెనక సంగతంతా రాశాను. హైదరాబాద్‌లో ఉండి మరిచిపోయావేమో, మళ్లీ చెబుతాను. మన తండాను గుట్టకింది దవాఖాన కింద రాశారు. స్కానింగు డాక్టరమ్మ అక్కడికి వచ్చేది మంగళవారం ఒక్కరోజు. టోకెన్లు పదిన్నర వరకే ఇస్తారు. మన బస్సు బాన్సువాడ చేరేది తొమ్మిది నలభైకి, అక్కడ ఇంకో బస్సు మారితే దవాఖాన గేటు దగ్గర దిగేది పదీ యాభైకి. బస్సు ఆడవాళ్లకు ఉచితమే. అది వచ్చిన రోజున ఉచితం.

ఫారాల మధ్య ఒక పెద్ద కవరు ఉంటుంది, కంగారుపడకు. పక్కింటి ముసలమ్మ మోకాలి ఎక్స్‌రే అది. నువ్వు డాక్టరువని మీ అమ్మ సోనాబాయి తండా అంతా చెప్పింది. చూసి మందు రాసి పంపాలట.

ఇట్లు,
నూట పన్నెండు ప్రశ్నల తర్వాత కూడా బతికే ఉన్న
నీ వదిన

—

హైదరాబాద్,
1 జూలై 2024

వదినకు,

ఫారాలు అందాయి. ఎక్స్‌రే కూడా అందింది, దాన్ని ఎటు పట్టుకుని చూడాలో నాకు తెలియదు. అమ్మకు మరోసారి చెప్పు. నేను జబ్బులకు మందు రాసే డాక్టర్ని కాను. ఒకే జబ్బు కొందరికే ఎందుకు ఎక్కువగా వస్తుందో, ఒకే దవాఖాన కొందరికే ఎందుకు దూరమవుతుందో వెతికే పని నాది. మా ప్రాజెక్టు పేరే ‘ఆరోగ్య సమానత’. నవ్వకు. పేరు నేను పెట్టలేదు.

నలభై ఏడో ప్రశ్న గురించి నువ్వు చెప్పింది నిజమే. కానీ ఆ ఫారాన్ని మా పరిశోధనల్లో మంచిచెడ్డలు చూసే ఎథిక్స్ కమిటీ ఆమోదించింది. ఇప్పుడు ఒక గడి చేర్చాలన్నా మళ్లీ కమిటీ కూర్చోవాలి, వాళ్లు మూడు నెలలకోసారి కూర్చుంటారు. ఈసారికి ‘ఇతరములు’తోనే సర్దుకుందాం.

మంచి మాట ఒకటి. ఫారాల వెనక నువ్వు రాసినవన్నీ మా ప్రాజెక్టు నడిపే మేడంకు చూపించాను. ఆమె ఆగి ఆగి చదివి, "ఇది బంగారం, గీతా," అన్నారు. బస్సు సంగతి తప్పకుండా పై స్థాయికి తీసుకెళదామన్నారు. నువ్వు ఇలాగే రాస్తూ ఉండు. మొహమాటపడకు, రాసేది నాకే కదా.

అన్న ఆటో బ్రేకులు బాగు చేయించాడా? పోయినసారి బాన్సువాడ బస్టాండులో నన్ను దించడానికి కాలు కింద పెట్టి ఆపాడు.

ప్రేమతో,
గీత

—

తండా,
14 జూలై 2024

పై స్థాయిలో తిరుగుతున్న ఆడబిడ్డకు,

నీ ఉత్తరం రాగానే తండాలో చాటింపు వేశాను. హైదరాబాద్ మేడం బస్సు టైము మార్పిస్తున్నదని చెప్పాను. తప్పుగా చెప్పానా? పై స్థాయికి అంటే డిపోకని అనుకున్నాను. రోజూ పొద్దున ఎవరో ఒకరు "ఎప్పటి సంది జమునక్కా?" అని అడుగుతున్నారు. నేను ఎన్నికల్లో నిలబడ్డ మనిషిలా చేతులూపుకుంటూ తిరుగుతున్నాను. తొందరగా మార్పించు.

నిజాంసాగర్ నీళ్లు కాలువకు వదిలారు. బీర్కూర్ నుంచి ఇటు ఎటు చూసినా నాట్లే. మోతీబాయికి ఆరో నెల, బురదలో వంగి నాటు వేస్తుంది. వద్దంటే, "మరి నువ్వు ఏస్తవా అక్క నా వంతు?" అంటుంది. మూడు మంగళవారాలు స్కానింగుకు పోయింది. రెండుసార్లు టోకెన్లు అయిపోయాయి, ఒకసారి డాక్టరమ్మకు మీటింగు. పాదాలు కొంచెం ఉబ్బుతున్నాయని నాకు అనుమానం.

మొహమాటపడకు అన్నావు కదా, నువ్వు ఇంటిదానివి కాబట్టి ఇది రాస్తున్నాను. మా నర్సమ్మ గౌరీబాయి ఉన్నదే, నన్ను పనిలో పెట్టి నేర్పిన మనిషి. ఆమె దగ్గరికి రిజిస్టరు తీసుకెళ్లి మోతీబాయి స్కానింగు గడిలో ఏం రాయాలని అడిగాను. "‘నిరాకరించింది’ అని రాయి జమునా, వరుస అయిపోతది," అన్నది. ఈ లెక్కన మన తండాలో పదకొండుమంది ఆడవాళ్లు ప్రభుత్వ స్కానింగును నిరాకరించారు. రెండు బస్సులెక్కి పోయి, గేటు దగ్గర గంట నిలబడి, మళ్లీ రెండు బస్సులెక్కి వచ్చి మరీ నిరాకరించారు. ఇంత పట్టుదల ఉన్నవాళ్లను నేనెక్కడా చూడలేదు.

ఆటోకు బ్రేకులు పడ్డాయి. ఇప్పుడు హారన్ మోగడం లేదు, గుట్టకింది దవాఖాన దాకా పోయే సత్తువ దానికి ఎటూ లేదు.

నీ వదిన

—

భువనేశ్వర్,
9 ఆగస్టు 2024

వదినా,

ఈ ఊరి పేరు చూసి ఆశ్చర్యపోకు. ఇక్కడ దేశం నలుమూలల నుంచీ పరిశోధకులు వచ్చిన సదస్సు జరుగుతోంది. నేను మొదటిసారి నా పేరుతో పోస్టర్ పెట్టాను. పోస్టర్ అంటే మన పరిశోధన సంగతులన్నీ ఒక పెద్ద షీటు మీద అచ్చు వేయించి, దాని పక్కన నిలబడి వచ్చినవాళ్లకు చెప్పడం. మూడు వందల పోస్టర్లలో నాకు మొదటి బహుమతి వచ్చింది.

నిజానికి బహుమతి నీది. షీటు మధ్యలో పెద్ద అక్షరాలతో నీ మాటలే పెట్టాను. రెండు బస్సులెక్కి పోయి మరీ నిరాకరించారన్నావు చూడు, అది చదివి ఒక పెద్దాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. నీ పేరు ఎక్కడా రాయలేదు, భయపడకు. గోప్యత మాకు చాలా ముఖ్యం. ‘ఆశా కార్యకర్త, ముప్పై ఆరేళ్లు, ఇంటర్, బాన్సువాడ ప్రాంతంలోని ఒక తండా’ అని మాత్రమే ఉంది. ఒక తెలుగు విలేకరి కూడా వచ్చి అంతా రాసుకున్నాడు. బస్సు సంగతి ఇప్పుడు నిజంగానే పై స్థాయికి పోయినట్టే.

నీకు ఇక్కడి నేత చీర ఒకటి తీసుకున్నాను. మోతీబాయిని అడిగినట్టు చెప్పు.

చాలా సంతోషంగా,
గీత

—

తండా,
24 ఆగస్టు 2024

మొదటి బహుమతి పొందిన గీతగారికి,

మీ గోప్యత చాలా బాగున్నది. ఈ చుట్టుపక్కల తండాల్లో ఆశాలం తొమ్మిదిమందిమి. అందులో ఇంటర్ చదివింది ఒక్కతే. ముప్పై ఆరేళ్లది కూడా ఆ ఒక్కతే. పేరు ఒక్కటి దాచి పుణ్యం కట్టుకున్నారు. మా తలుపు రంగు కూడా రాసి ఉంటే మెమో తెచ్చిన మనిషి తండా మొదట్లో దారి అడిగే పని తప్పేది.

అవును, మెమో. పేపరు జిల్లా పేజీలో వార్త వచ్చింది. "‘నిరాకరించింది అని రాయి, వరుస అయిపోతది’ అని నర్సు చెప్పిందంటున్న ఆశా." నా ఉత్తరంలోని ముక్కే, నా పేరు తప్ప అక్షరం పొల్లుపోలేదు. నీ జ్ఞాపకశక్తిని మెచ్చుకుందామనుకున్నాను, తర్వాత గుర్తొచ్చింది, ఉత్తరం నీ దగ్గరే ఉంది కదా. శాఖ పరువు తీసినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట. అది తేలేవరకు డ్యూటీకి రావద్దట. గౌరీబాయికీ ఒక నోటీసు వచ్చింది.

ఆ పేపరు పట్టుకుని ఆమె మన ఇంటికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. "నువ్వు నా ముంగట అంటే అయిపోవు గదా జమునా. నేను ఇనకపోతుంటినా?" అన్నది. అంతే. పోట్లాడి ఉంటే నేనూ నాలుగు మాటలు అనేదాన్ని. మన చిన్నది పుట్టినప్పుడు పన్నెండు గంటలు నా చెయ్యి వదలకుండా పట్టుకున్న మనిషి, గీతా. ఆమె మీద నేను విసుక్కున్నాను, నిజమే. ఇంటి ఆడపడుచుకు ఉత్తరంలో విసుక్కున్నాను. భువనేశ్వర్‌లో విసుక్కోలేదు.

బస్సు మాత్రం పదీ యాభైకే దించుతోంది. అది పేపరు చదవదు.

చీర పంపకు.

జమునాబాయి, ఆశా కార్యకర్త (ప్రస్తుతం కాదు)

—

హైదరాబాద్,
30 ఆగస్టు 2024

వదినా,

నీ ఉత్తరం చదివి అన్నం తినలేకపోయాను. నా ఉద్దేశం అది కాదని నీకు తెలుసు. ఇలాంటి మాటలు బయటికి రాకపోతే ఏదీ మారదు. అంకెలను ఎవరూ పట్టించుకోరు, మనుషుల మాటలు పట్టించుకుంటారు. ఒక్కదాన్నే తండా నుంచి ఇంత దూరం వచ్చాను. ఇక్కడ మేడం ముందు, ఇంగ్లీషు బడుల్లో చదివిన వాళ్ల ముందు, నాకూ చెప్పడానికి ఏదో ఉందని చూపించుకోవాలి. నా ఒప్పందం డిసెంబరుతో ముగుస్తుంది. ఆ పోస్టర్ నాకెంత అవసరమో నువ్వు అర్థం చేసుకుంటావనుకున్నాను. పేరు లేకపోతే చాలని నిజంగానే అనుకున్నాను. మాకు పాఠాల్లో అలాగే చెప్పారు.

మేడంతో మాట్లాడాను. ఈ పరిశోధన మీద వ్యాసం అచ్చయ్యేటప్పుడు రచయితల్లో నీ పేరు కూడా చేర్చడానికి ఆమె ఒప్పుకున్నారు. ఇది చిన్న విషయం కాదు వదినా. ఒక ఆశా కార్యకర్త పేరు అలా రావడం ఎక్కడా లేదు.

క్షమించు.
గీత

—

తండా,
6 సెప్టెంబర్ 2024

గీతకు,

క్షమాపణ అందింది. ఉత్తరం నిండా వెతికితే చివర్లో ఒక మాట దొరికింది. మిగతాదంతా నీ సంగతే.

నా పేరు దాచమని నేను అడగలేదు, ఇప్పుడు చేర్చమనీ అడగడం లేదు. నన్ను అడగమంటున్నాను. నలభైమంది ఆడవాళ్ల దగ్గర ఫారం మొదట్లో సంతకాలు పెట్టించమని నువ్వే రాశావు. ‘మీ ఇష్టం ఉంటేనే చెప్పండి, ఎప్పుడైనా ఆపేయవచ్చు’ అని నా నోటితో నలభైసార్లు చదివించావు. రేడియో ఉందా అని అడగడానికి కూడా అనుమతి తీసుకున్నావు. నా ఉత్తరానికి అక్కర్లేకపోయింది. వదినను కదా, గడి పెట్టలేదు.

మోతీబాయికి ఎనిమిదో నెల వచ్చింది. పాదాలు బాగా ఉబ్బాయి, తల పగిలిపోతోందంటుంది. డ్యూటీకి రావద్దన్నారు కాబట్టి యూనిఫాం చీర మడతపెట్టి ఇంటి చీరలో పోయి చూసి వస్తున్నాను. చుట్టరికానికి ఇంకా ఎవరూ మెమో ఇవ్వలేదు. బీపీ మిషను తిరిగి తీసుకుపోయారు, అందుకని చేతులతో పట్టి చూస్తున్నాను. చేతులు అంకెలు చెప్పవు.

కొన్నాళ్లు ఈ ఇంటికి రాకు. మీ అమ్మ ఏడుస్తుంది, మీ అన్న ఎటు మాట్లాడాలో తెలియక ఆటో కడుగుతూ ఉంటాడు. నాకు ఆ తంతు చూసే ఓపిక లేదు.

జమున

—

బాన్సువాడ,
25 సెప్టెంబర్ 2024

వదినా,

ఇంటికి రాకు అన్నావు కాబట్టి రాలేదు. బాన్సువాడలో రెహానాబేగం గారి మిద్దె మీద గది కిరాయికి తీసుకున్నాను. తండాకు పన్నెండు కిలోమీటర్ల దూరంలో కూర్చుని నీకు ఉత్తరం రాస్తున్నాను. దీన్ని అన్న తన ఆటోలో తెస్తాడు. ఆయన నవ్వితే తిట్టకు, హారన్ మోగని ఆటో నడిపేవాడికి ఆమాత్రం సరదా ఉండాలి.

సంస్థలో సెలవు పెట్టాను. మంగళవారం వచ్చిందంటే తండా మలుపు దగ్గర మన ఆడవాళ్లతో బస్సెక్కి, వాళ్లతో పాటే గుట్టకింది దవాఖానలో దిగి, టోకెన్ కిటికీ ఎదురుగా బెంచీ మీద కూర్చుంటున్నాను. ఎవరు ఎన్నింటికి వచ్చారు, టోకెన్ దొరికిందా లేదా, అంతే రాసుకుంటున్నాను. అది కూడా పెద్ద డాక్టరు దగ్గర రాతపూర్వకంగా అనుమతి అడిగి. అడగడం నాకూ వచ్చని నీకు తెలియాలి. "రోజు దవాఖాన ముచ్చటే చెప్తవ్, నీకేం బీమారి బిడ్డా?" అని రెహానాగారు రోజూ మజ్జిగ ఇస్తున్నారు. ఏం బీమారీయో నాకు ఇప్పుడిప్పుడే తెలుస్తోంది.

మొదటి రోజు నేనే పదీ యాభై రెండుకు దిగాను. కిటికీ మూసి ఉంది. ఏడు నెలలుగా ‘అందుబాటు’ మీద నేను ఎన్ని పేజీలు రాశానో లెక్కలేదు. ఆ కిటికీ మూతపడే చప్పుడు ఒక్క పేజీలోనూ లేదు.

గౌరీబాయి గారు అక్కడే డ్యూటీలో ఉన్నారు. వెళ్లి తప్పు నాదని చెప్పాను. ఆమె సూదులు సర్దుకుంటూనే మాట్లాడారు. "నీకు ప్రైజు ఇచ్చిండ్రు, నాకు నోటీసు ఇచ్చిండ్రు. ఇద్దరికీ ఒక్కటే కాగితం మీదకెల్లి వచ్చినయ్. పదకొండు తండాలకు నేను ఒక్కదాన్ని బిడ్డా. ఒకామె గడి నింపకపోతే యాప్ ఇంకొకామె దగ్గరికి పోనియ్యదు. ఏదో ఒకటి రాయాలె. ‘బస్సు రాలే’ అని రాద్దామంటే అండ్ల లేదు." వదినా, ఆమె ఫారంలోనూ ఆ గడి లేదు. మా ఇద్దరి ఫారాలూ ఒకేలా ఉన్నాయి.

ఇక నిన్నటి సంగతి. బస్సు దిగి నేను బెంచీ దగ్గరికి చేరాక, వెనకే నువ్వు ఇంటి చీరలో మోతీబాయిని నడిపించుకుంటూ గేటులోకి వచ్చావు. బస్సులో లాగే నన్ను చూశావు, చూడనట్టే ముందుకు పోయావు. నేను పుస్తకంలో ‘10.54, టోకెన్ లేదు’ అని రాశాను. ఆ వరుస కింద గీత గీసేలోపే మోతీబాయి మెట్ల మీద కూలబడింది. పరిశీలకులు జోక్యం చేసుకోకూడదని మాకు నేర్పుతారు. పుస్తకం అక్కడే పడేసి గౌరీబాయి గారి కోసం పరుగెత్తాను. ఆమె వచ్చి మోతీబాయి మొహం చూసి, ఎవరినీ అడగకుండా, క్యూ పక్కనుంచి రెక్క పట్టుకుని స్కానింగు గదిలోకి తీసుకెళ్లిపోయారు. ఆ తర్వాత మీ ముగ్గురూ అంబులెన్సు ఎక్కడం చూశాను. తలుపు వేశారు.

నువ్వు పిలవలేదు కాబట్టి బాన్సువాడ పెద్ద దవాఖానకూ రాలేదు. తర్వాత ఏమైంది? అన్న "మంచిగనే ఉన్నదట" అంటాడు, అంతకుమించి చెప్పడు. రాయి. ఎవరికీ చెప్పను.

గీత

—

తండా,
28 సెప్టెంబర్ 2024

గీతకు,

పరుగెత్తినందుకు రాస్తున్నాను. పుస్తకం పట్టుకుని అక్కడే కూర్చుని ఉంటే ఈ జన్మకు రాసేదాన్ని కాదు.

స్కానింగులో బిడ్డ నెలకు తగ్గట్టు పెరగలేదనీ, ఉమ్మనీరు తగ్గిందనీ చెప్పారు. బీపీ చూసిన గౌరీబాయి ఆ అంకె నాకు చెప్పలేదు, అంబులెన్సుకు చెప్పింది. దారి పొడుగునా మోతీబాయి నా ఒళ్లో తల పెట్టుకుంది. అటు గౌరీబాయి, ఇటు నేను, నెల రోజులుగా మాటల్లేని ఇద్దరం ఆ పిల్ల రెండు చేతులూ చెరొకటి పట్టుకుని కూర్చున్నాం. మధ్యలో ఒకసారి ఫిట్స్ వచ్చింది. "నాలిక చూడు జమునా," అన్నది ఆమె. "చూస్తున్న," అన్నాను. రాజీ అంటే అదే. టీ తాగి పలకరించుకునే తీరిక మాకు దొరకలేదు.

బాన్సువాడ పెద్ద దవాఖానలో దించగానే అక్కడి డాక్టరమ్మ పరుగున వచ్చింది. గంటలోపే ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల, పంతొమ్మిది వందల గ్రాములు. ఏడవమంటే ముందు ఏడవలేదు, తర్వాత ఎవరు చెప్పినా ఆపలేదు. ఇప్పుడు గాజుపెట్టెలో ఉంది. మోతీబాయికి రెండు రోజులు చూపు మసకేసింది, నిన్నటి నుంచి నన్ను గుర్తుపడుతోంది. ఇంకో వారం అయి ఉంటే ఇద్దరిలో ఒక్కరు కూడా దక్కేవారు కాదని డాక్టరమ్మ చెప్పింది. ఈ ముక్క విన్నాక గౌరీబాయి వరండాలోకి పోయి గోడవైపు తిరిగి నిలబడింది. నేను పోయి పక్కన నిలబడ్డాను.

నీకు ఇంకా ఇంటికి రావడానికి అనుమతి లేదు. రెహానాబేగం మజ్జిగే తాగు.

జమున

—

బాన్సువాడ,
19 అక్టోబర్ 2024

వదినా,

అనుమతి లేదు కాబట్టి ఇదీ అన్న చేతికే ఇస్తున్నాను.

నాలుగు మంగళవారాల లెక్క పూర్తయింది. స్కానింగుకు వచ్చిన తండా ఆడవాళ్లు అరవై ఏడుగురు. పదిన్నర దాటాక చేరినవాళ్లు యాభై ఎనిమిదిమంది. ఒక్కరు కూడా నిరాకరించలేదు. దవాఖాన పెద్ద డాక్టరుకు ఈ కాగితం ఇచ్చాను. దానితో పాటు రెండో కాగితం కూడా ఇచ్చాను. ఆశా కార్యకర్త రాసింది తన కుటుంబంలోని మనిషికి రాసిన సొంత ఉత్తరమని, ఆమెను అడగకుండా వాడుకున్నది నేనని, శాఖ పరువు తీసినవాళ్లెవరైనా ఉంటే అది నేనేనని సంతకం పెట్టాను. ఆయన రెండుసార్లు చదివి, "ఇది మీ ఉద్యోగానికి మంచిదేనా?" అని అడిగారు. మంచిది కాదన్నాను.

నిజంగానే మంచిది కాదు. సదస్సువాళ్లకు పోస్టర్ వెనక్కి తీసుకుంటున్నానని రాశాను, బహుమతి కాగితం తిప్పి పంపాను. మా ఎథిక్స్ కమిటీకి నా మీద నేనే ఫిర్యాదు ఇచ్చాను. మూడు నెలలకోసారి కూర్చునే కమిటీ నాకోసం నాలుగు రోజుల్లో కూర్చుంది. నన్ను ఆ వ్యాసం నుంచి తీసేశారు. డిసెంబరు తర్వాత ఉంచుతారో లేదో మేడం చెప్పడం లేదు. "ఇంత అమాయకత్వం అయితే ఈ రంగంలో కష్టం," అన్నారు. ఆమె తిట్టారో మెచ్చుకున్నారో ఇంకా తేల్చుకోలేదు.

మొన్న మంగళవారం టోకెన్ కిటికీ పక్కన ఒక అట్టముక్క అంటించారు. స్కెచ్ పెన్నుతో ‘రెండు బస్సులు మారి వచ్చు గర్భిణ్ణులకు టోకెన్లు 12 వరకు’ అని రాసి ఉంది. ఆర్డరు లేదు, ముద్ర లేదు, ‘గర్భిణులు’లో ఒక ఒత్తు కూడా ఎక్కువ పడింది. ఎవరు రాశారని అడిగితే ఎవరూ చెప్పలేదు. గౌరీబాయి గారి వేళ్లకు నీలం సిరా ఉంది.

ఆదివారం హైదరాబాద్ వెళుతున్నాను.

గీత

—

తండా,
22 నవంబర్ 2024

గీతకు,

నా మెమో మూసేశారు. ‘ఇకముందు జాగ్రత్తగా ఉండవలెను’ అని రాసి ఇచ్చారు. దేని విషయంలో జాగ్రత్తో రాయలేదు, కాబట్టి అన్ని విషయాల్లోనూ ఉంటున్నాను. గౌరీబాయి నోటీసు కూడా పోయింది. బీపీ మిషను తిరిగి ఇచ్చారు, దాని పట్టీ ఎలుకలు కొట్టి ఉంది. మోతీబాయి బిడ్డ రెండున్నర కిలోలు దాటింది. బొమ్మకు చుట్టినట్టు చుట్టి, "చూసిపో అక్క," అని రోజూ పిలుస్తుంది. బస్సు టైము అలాగే ఉంది. మహారాష్ట్రకు చెరుకు కొట్టడానికి పోయినవాళ్లు పోగా మిగిలిన గర్భిణులు ఆరుగురు, ఆరుగురికీ స్కానింగు అయింది. రిజిస్టరులో ‘అయింది’ అని రాయడం చేతికి కొత్తగా ఉంది.

నిజానికి గర్భిణులు ఆరుగురు కాదు, ఏడుగురు. ఏడో మనిషి పేరు రిజిస్టరులో లేదు.

నవ్వుకో, నేనూ నవ్వుకున్నాను. పదేళ్లుగా తండా తండా తిరిగి కుటుంబ నియంత్రణ పాఠాలు చెప్పే ఆశా కార్యకర్తకు ముప్పై ఆరేళ్ల వయసులో మూడో నెల. నలుగురికీ తెలిస్తే ఇక నా పాఠాలు ఎవరైనా వింటారా?

నవ్వాక ఇది కూడా చదువు. మన చిన్నది పుట్టాక రెండుసార్లు కడుపు నిలవలేదు. నీకు తెలియదు, అప్పుడు నువ్వు హాస్టల్లో ఉన్నావు. రెండోసారి అయిదో నెలలో పోయింది. మీ అన్న ఆ రోజు నుంచి మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఈసారి ఆయనకు ఇంకా చెప్పలేదు. చెబితే ఆశ పెట్టుకుంటాడు, ఆయన ఆశ మొహం మీద కనబడుతుంది, ఆటో స్టాండులో అందరికీ తెలుస్తుంది. పోతే అందరికీ జవాబు చెప్పాలి. గౌరీబాయికి చెబితే మంచం దిగనివ్వదు. అందుకని ఎవరికీ చెప్పలేదు. నాకు భయంగా ఉంది గీతా. ఇలాంటి భయం ఉంటుందని నలభై ఫారాల్లో ఒక్కరూ నాతో చెప్పలేదు. నేనూ అడగలేదు.

డిసెంబరు మూడున మంగళవారం. ఆ రోజు కిటికీ దగ్గర నేను కూడా వరుసలో నిలబడతాను.

ఇది నీకు రాస్తున్నాను. నీకు మాత్రమే. పేరు తీసేసి కూడా ఎక్కడా పెట్టకు.

వదిన

—

హైదరాబాద్,
27 నవంబర్ 2024

వదినా,

ఉత్తరం అందింది. రెండుసార్లు చదివి, చించేసి, పొయ్యిలో వేశాను. నోటుబుక్కులో ఏమీ రాసుకోలేదు.

నన్ను రమ్మంటావా? రమ్మంటే మూడో తారీఖు పొద్దున తండా మలుపు దగ్గర బస్సుకు ముందే ఉంటాను. వద్దంటే ఇక్కడే ఉంటాను. అన్న ఎందుకొచ్చావని అడిగితే ఏం చెప్పాలో నువ్వే చెప్పు. అదే చెబుతాను, అంతే చెబుతాను.

గీత